"మా వస్తువే, కానీ మా వారంటీ కాదు": అనధికార అమ్మకాల్లో కొన్నవారికి మిగిలే హక్కులు

సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గర వినిపించే మాటల్లో ఒళ్లు మండించేది ఒకటుంది. "వస్తువు మాదే సార్, కానీ దీనికి మా వారంటీ వర్తించదు." చేతిలో ఉన్నది నకిలీ కాదు. డబ్బా మీద పేరు ఆ కంపెనీదే. కొని నాలుగు నెలలే అయింది, బిల్లు కూడా ఉంది. అయినా వర్తించదట. తనను ఎవరో మోసం చేశారని ఆ మనిషికి అర్థమవుతుంది గానీ, చేసింది కంపెనీయా, అమ్మినవాడా అన్నది తేలదు. ఇద్దరినీ తిట్టుకుంటూ ఇంటిదారి పడతాడు. చాలామంది విషయంలో కథ అక్కడే ఆగిపోతుంది. నిజానికి అది మొదలవ్వాల్సింది అక్కడే.

చిక్కంతా ఒక్క మాటలో ఉంది. రెండు వేర్వేరు హామీలను మనం "వారంటీ" అని ఒకే పేరుతో పిలుస్తున్నాం. ఒకటి, తయారుచేసిన కంపెనీ తనంతట తాను ఇచ్చే మాట: ఇన్నాళ్లలోపు పాడైతే ఉచితంగా బాగుచేస్తాం అని. రెండోది, అమ్మినవాడి నెత్తిన చట్టం పెట్టిన బాధ్యత: నువ్వు అమ్మిన వస్తువు నువ్వు చెప్పినట్టే ఉండాలి, చేయాల్సిన పని చేయాలి అని. సర్వీస్ సెంటర్ కాదన్నది మొదటిదాన్ని మాత్రమే. రెండోదాన్ని కాదనే అధికారం ఆ కౌంటర్ వెనకున్న మనిషికి లేదు. అసలు ఆ ప్రశ్న అడగాల్సింది అతన్ని కాదు.

మొదటిదాన్ని కంపెనీ వారంటీ అందాం, రెండోదాన్ని చట్టపు హామీ అందాం. కంపెనీ వారంటీ ఒక ఒప్పందం. ఇవ్వాలా వద్దా, ఏడాదికా రెండేళ్లకా, బ్యాటరీకి ఎంత, స్క్రీన్‌కి ఎంత, ఏ దేశంలో కొంటే చెల్లుతుంది అన్నవి చాలా దేశాల్లో కంపెనీ చేతిలోనే ఉంటాయి. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్–మాస్ వారంటీ చట్టం కూడా వారంటీ ఇచ్చితీరాలని ఏ కంపెనీనీ బలవంతపెట్టదు. ఇస్తే మాత్రం షరతులన్నీ అర్థమయ్యేలా రాసి ఇవ్వమంటుంది.

చట్టపు హామీ అలా కాదు. యూరోపియన్ యూనియన్‌లో 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, వస్తువు చేతికొచ్చిన 2 ఏళ్లలో బయటపడే లోపాలకు అమ్మినవాడే జవాబుదారీ. బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం, వస్తువులో లోపముంటే 30 రోజుల్లోపు తిరిగిచ్చేసి డబ్బు వెనక్కి తీసుకునే హక్కు ఇస్తుంది. ఆ గడువు దాటాక అమ్మినవాడికి బాగుచేసేందుకో మార్చి ఇచ్చేందుకో ఒక అవకాశం ఇవ్వాలి, అదీ విఫలమైతే వెనక్కి ఇచ్చేయొచ్చు. ఆస్ట్రేలియాలో 2011 నుంచి ఉన్న చట్టం కూడా ఇదే దారిలో నడుస్తుంది. భారత్‌లో 1930 నాటి సరుకుల విక్రయ చట్టం నుంచీ ఈ ఆలోచన ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం దాన్ని ఇంకాస్త ముందుకు తీసుకెళ్లింది. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోపు, అలాంటి గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోపు, వెనక్కి తీసుకోననడాన్ని అది అనుచిత వ్యాపార పద్ధతుల జాబితాలో చేర్చింది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే జాబితాలో ఉంది. గోడమీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని పెద్దక్షరాలతో బోర్డు పెట్టినంత మాత్రాన లోపమున్న సరుకు విషయంలో అది అమ్మినవాడిని కాపాడదు.

ఈ చట్టాల్లో వేటిలోనూ "కంపెనీ గుర్తింపు ఉన్న డీలరైతేనే" అన్న షరతు లేదు. వ్యాపారంగా అమ్మాడా లేదా అన్నదే లెక్క. అంటే అనధికార అమ్మకందారు దగ్గర కొన్నప్పుడు పోయేది, లేదా పోయే ప్రమాదం ఉన్నది, కంపెనీ వారంటీ. చట్టపు హామీ ఎక్కడికీ పోదు. కాగితం మీద ఇది ఎంతో ధైర్యమిచ్చే మాట. వసూలు చేసుకునే దగ్గరికి వచ్చేసరికి అసలు కష్టం మొదలవుతుంది. ఆ సంగతి చివర్లో చూద్దాం.

ముందు "అనధికార" అనే మాటను కొంచెం విడదీయాలి. దీనికింద నాలుగు రకాల సరుకు కలగలిసిపోయి ఉంటుంది, నాలుగింటికీ న్యాయం వేరు.

నకిలీ, దొంగ సరుకు గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. అక్కడ వారంటీ చర్చే అనవసరం, అది పోలీసు ఫిర్యాదు వ్యవహారం. దొంగ వస్తువైతే అమ్మినవాడికే హక్కు లేదు కాబట్టి మీకూ సాధారణంగా రాదు, డబ్బూ వస్తువూ రెండూ పోయే ప్రమాదముంది. ఇక రెండో రకం, వాడిన వస్తువులు, బాగుచేసి అమ్మే రిఫర్బిష్డ్ సరుకు. వీటికి చట్టపు హామీ ఉంటుంది గానీ కొత్తదానికున్నంత ఆశించలేం. యూరప్‌లో సభ్యదేశాలు అనుమతిస్తే, వాడిన వస్తువుపై బాధ్యతను ఇరుపక్షాలూ ఒప్పుకుని ఏడాది వరకు తగ్గించుకోవచ్చు. అయితే తన సొంత ఫోన్‌ను అమ్ముకునే మామూలు మనిషి వ్యాపారి కాదు. అతని దగ్గర కొంటే ఈ వినియోగదారుల చట్టాలు దాదాపుగా అక్కరకు రావు. "బాగానే పనిచేస్తోంది" అని అబద్ధం చెప్పి అమ్మితే తప్ప అతన్ని నిలదీయడం కష్టం.

మూడో రకం, ఆ దేశపు సరుకే, కానీ కంపెనీ గుర్తింపు లేని దుకాణం అమ్మినది. గుర్తింపున్న డీలర్ దగ్గర మిగిలిపోయిన సరుకు టోకుగా కొని తక్కువ లాభానికి అమ్మేవాళ్లు ఇలాంటివారే. ఈ రకంలో కంపెనీ వారంటీ చాలాసార్లు బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే సర్వీస్ సెంటర్ కంప్యూటర్ చూసేది సీరియల్ నంబరును, దుకాణం పేరును కాదు. అయితే కొన్ని కంపెనీలు "గుర్తింపున్న డీలర్ బిల్లు ఉంటేనే" అని షరతు రాసుకుంటాయి. అది చెల్లుతుందా? చాలాచోట్ల చెల్లుతుంది, కంపెనీ వారంటీ ఒప్పందమే కాబట్టి. కానీ న్యూయార్క్ రాష్ట్ర వాణిజ్య చట్టంలో 369–బి అనే సెక్షన్ ఉంది. ఫలానా డీలరు అమ్మాడన్న ఒక్క కారణంతో తయారీదారు తన వారంటీని కుదించకూడదని అది సూటిగా చెబుతుంది. ఇంత స్పష్టంగా చెప్పిన చట్టాలు అరుదు.

ఈ రకంలోనే ఒక చిన్న ఉచ్చు ఉంది. కంప్యూటర్ విడిభాగాలు కొనేవాళ్లు దీన్ని ఎక్కువగా చూస్తారు. ఇంటెల్ ప్రాసెసర్ రిటైల్ డబ్బాలో వస్తే దానికి మామూలుగా 3 ఏళ్ల కంపెనీ వారంటీ ఉంటుంది. అదే ప్రాసెసర్‌ను కంప్యూటర్ తయారీదారుల కోసం ట్రేలలో పేర్చి టోకుగా అమ్ముతారు. ఆ ట్రే సరుకుకు వినియోగదారుడితో ఇంటెల్‌కు నేరుగా ఒప్పందమేమీ లేదు, వారంటీ కోసం అమ్మినవాడినే అడగాలి. చిప్ ఒకటే, వేగం ఒకటే. డబ్బా లేకపోవడం వల్ల ధర కొంచెం తగ్గిందని సంబరపడేవాళ్లకు, డబ్బాతో పాటు పోయింది మూడేళ్ల హామీ అని తర్వాత తెలుస్తుంది.

నాలుగోది, అసలు సిసలు గ్రే మార్కెట్. కంపెనీ ఒక దేశం కోసం తయారుచేసిన అసలు వస్తువును వేరొకరు మరో దేశానికి తెచ్చి అమ్మడం. గొడవలు ఎక్కువగా ఉన్నది ఇక్కడే, కోర్టులు బుర్ర బద్దలుకొట్టుకున్నదీ ఇక్కడే.

ఇలా తెచ్చి అమ్మడం నేరమా? దేశాన్నిబట్టి జవాబు మారుతుంది. యూరప్ అత్యున్నత న్యాయస్థానం 1998లో, కళ్లజోళ్ల ఫ్రేముల మీద నడిచిన సిల్హౌట్ కేసులో, ట్రేడ్‌మార్క్ యజమాని ఒప్పుకోకుండా యూరప్ బయటి నుంచి తెచ్చి అమ్మడాన్ని అడ్డుకోవచ్చని తేల్చింది. భారత్‌లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ 2012లో సామ్‌సంగ్, కపిల్ వాధ్వా కేసులో దీనికి దాదాపు ఎదురుదిశలో వెళ్లింది. అక్కడ వివాదం బయటి నుంచి తెచ్చిన ప్రింటర్ల గురించి. కంపెనీ ఒకసారి ప్రపంచంలో ఎక్కడైనా న్యాయంగా అమ్మేశాక, ఆ వస్తువును ఇక్కడికి తెచ్చి అమ్మడాన్ని ఆపే హక్కు దానికి ఉండదని కోర్టు అంది. అయితే ఊరికే వదిలేయలేదు. ఇవి దిగుమతి చేసుకున్నవని, వీటికి సామ్‌సంగ్ వారంటీ ఇవ్వదని, అమ్మకం తర్వాతి సేవ తామే చూసుకుంటామని దుకాణంలో కొట్టొచ్చినట్టు కనబడేలా బోర్డు పెట్టమంది. నాకు ఈ తీర్పులో నచ్చేది ఆ బోర్డే. అమ్ముకో, కానీ దాచకు అంటోంది. కొనేవాడికి తను దేన్ని వదులుకుంటున్నాడో ముందే తెలిస్తే అది బేరం. తెలియకపోతే మోసం.

అమెరికాలో వెలువడిన ఒక తీర్పు ఇంకా సరదాగా ఉంటుంది. 1980లలో అక్కడ క్యాబేజ్ ప్యాచ్ బొమ్మలంటే పిల్లలకు పిచ్చి. ప్రతి బొమ్మతో పాటు జనన ధ్రువీకరణ పత్రం, దత్తత కాగితాలు వచ్చేవి. కాగితాలు నింపి పంపితే కంపెనీ వాటిని నమోదుచేసుకునేది. ఎవరో స్పెయిన్‌లో అనుమతితో తయారైన అవే బొమ్మలను అమెరికాలోకి తెచ్చి అమ్మారు. కాగితాలేమో స్పానిష్‌లో ఉన్నాయి, పంపితే అమెరికా కేంద్రాలు తీసుకోలేదు. బొమ్మ అసలుదే, దత్తతే కుదరలేదు. 1987లో అప్పీలు కోర్టు ఈ తేడా చిన్నది కాదని, కొన్నవాళ్లను అది గందరగోళపరుస్తుందని చెప్పి దిగుమతిని తప్పుపట్టింది. వారంటీ కార్డుకూ ఆ దత్తత కాగితానికీ ఏం తేడా ఉంది? రెండూ వస్తువుతో పాటు ప్రయాణం చేస్తాయని మనం అనుకునే మాటలు, సరిహద్దు దాటగానే చెల్లకుండా పోయేవి.

కొన్ని కంపెనీలు ఇంకో అడుగు ముందుకేస్తాయి. అమెరికాలో నికాన్ సంస్థ గ్రే మార్కెట్ కెమెరాలను వారంటీ కింద బాగుచేయకపోవడమే కాదు, డబ్బిస్తామన్నా ముట్టుకోనని చెబుతూ వచ్చింది. ఇది కఠినంగా అనిపిస్తుంది, నాకైతే కాస్త పొగరుగా కూడా అనిపిస్తుంది. కానీ చట్టం దృష్టిలో, ఆ సంస్థ ఆ కొనుగోలుదారుకు ఏ మాటా ఇవ్వలేదు. మాటిచ్చింది మరో దేశంలోని పంపిణీదారు. అంతర్జాతీయ వారంటీ అని స్పష్టంగా రాసి ఉంటే మాత్రం కథ మారుతుంది. ల్యాప్‌టాప్‌లలో కొన్ని రకాలకు, లెన్సులలో కొన్నింటికి అది ఉంటుంది. ఫోన్లకు చాలావరకు ఉండదు. అందుకే కొనేముందు కంపెనీ సైట్‌లో ఆ మోడల్ వారంటీ పత్రం తెరిచి, దేశం గురించి రాసిన ఒక్క వాక్యం వెతుక్కుంటే సగం పని అయినట్టే.

మిగతా సగం సీరియల్ నంబరు చేస్తుంది. ఫోన్‌లో *#06# కొడితే ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్‌కు ఉండే 15 అంకెల గుర్తింపు సంఖ్య, కనబడుతుంది. అందులో మొదటి 8 అంకెలు మోడల్‌ను, తర్వాతి 6 ఆ ఒక్క ఫోన్‌ను, చివరిది లెక్క సరిచూసుకోవడానికి. డబ్బా మీదున్న నంబరు, తెరమీద నంబరు, బిల్లులో రాసిన నంబరు మూడూ ఒకటి కాకపోతే అక్కడికక్కడే వెనక్కి ఇచ్చేయండి. చాలా కంపెనీల సైట్లలో ఈ నంబరు కొడితే వారంటీ ఎప్పుడు మొదలైందో చూపిస్తుంది. నేనొకసారి "సీల్ తీయని కొత్త" ల్యాప్‌టాప్ కొన్నాక, ఇంటికొచ్చి నంబరు కొట్టి చూస్తే వారంటీ అప్పటికే ఏడు నెలలు కరిగిపోయి ఉంది. అమ్మినతను "గోడౌన్‌లో ఉండిపోయింది సార్" అన్నాడు. కావచ్చు. కానీ ఆ ఏడు నెలల గురించి బేరమాడాల్సింది డబ్బు కట్టకముందు.

లోపం, సరిపోకపోవడం ఒకటి కావు. వేరే దేశపు ఫోన్‌లో అన్నీ సవ్యంగా ఉండి, మీ నెట్‌వర్క్ వాడే ఒకటి రెండు ఫ్రీక్వెన్సీ బ్యాండ్లు లేకపోవచ్చు. అమెరికాలో అమ్మే ఐఫోన్లకు 2022 నాటి ఐఫోన్ 14 వరుస నుంచి సిమ్ పెట్టే ట్రేనే లేదు. జపాన్ మోడళ్లలో చాలావాటిలో ఫొటో తీస్తే వచ్చే చప్పుడును మామూలుగా ఆపలేరు. 100 వోల్టులకు మాత్రమే చేసిన పరికరాన్ని 230 వోల్టుల ప్లగ్గులో పెడితే పొగ రావచ్చు, అది తయారీ లోపం కిందికి రాదు. ఇవేవీ కంపెనీ తప్పులు కావు. కానీ మీ వాడకం ఏమిటో అమ్మినవాడికి చెప్పి, "ఇక్కడ అన్నీ పనిచేస్తాయి" అని అతని చేత అనిపించుకుని కొన్నారనుకోండి, అప్పుడది అతని తప్పవుతుంది. చెప్పిన పనికి పనికిరాని వస్తువు అమ్మడం చట్టపు హామీని మీరడమే. ఆ మాట మెసేజ్ రూపంలో ఉండాలి. నోటిమాటలు నీటిమూటలే.

"షాప్ వారంటీ" అని అమ్మినవాడు తనే రాసిచ్చే హామీ సంగతి కూడా చూడాలి. గ్రే మార్కెట్ వ్యాపారులు కంపెనీ వారంటీ లోటును దీనితో పూడుస్తారు. నిజాయితీగా నడిపేవాళ్లూ ఉన్నారు. ఈ కాగితం ఉందంటే చట్టపు హామీ లేదని కాదు, దానికి అదనంగా ఇది. చూడాల్సింది రెండే: బాగుచేయడానికి వాడే భాగాలు అసలువా కాదా, పంపే ఖర్చు ఎవరిది. "6 నెలల వారంటీ" అని మాత్రమే రాసి కింద ఏమీ లేకపోతే, పాడైన రోజున ఆ ఖాళీని ఎవరికి తోచినట్టు వాళ్లు నింపుకుంటారు.

కంపెనీ వారంటీ మీకు నిజంగా ఉన్నా కౌంటర్ దగ్గర పొమ్మనలేక పొగబెట్టడం జరుగుతుంది. సీల్ చిరిగింది కాబట్టి వారంటీ పోయింది అనడం అందులో ఒకటి. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లో ఆరు కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. ఫలానా విడిభాగాలు, ఫలానా సర్వీసు వాడితేనే వారంటీ ఉంటుందని షరతు పెట్టడం, సీల్ తీస్తే వారంటీ పోతుందనడం చట్టవిరుద్ధమయ్యే అవకాశముందని అందులో చెప్పింది. మీరు విప్పడం వల్లే పాడైందని కంపెనీ చూపగలగాలి. ఎక్కడైనా సరే, వారంటీ కాదన్నప్పుడు ఆ కారణాన్ని జాబ్ షీట్ (వస్తువును చూసినందుకు సర్వీస్ సెంటర్ ఇచ్చే కాగితం) మీద రాసి ఇమ్మనండి. రాయాల్సి వచ్చేసరికి కొన్ని కారణాలు మాయమవుతాయి. మాయం కాకపోతే ఆ కాగితం మీకు సాక్ష్యం: వస్తువులో లోపముందని నిపుణుడు ఒప్పుకున్నట్టూ అవుతుంది, కంపెనీ బాగుచేయనన్నట్టూ అవుతుంది. అమ్మినవాడి దగ్గరికి వెళ్లేటప్పుడు ఈ రెండూ కావాలి.

సాక్ష్యం గురించి ఇంత చెప్పడానికి కారణముంది. ఇలాంటి తగాదాలు చాలావరకు తేలేది ఒకే ప్రశ్న దగ్గర: లోపం అమ్మినప్పుడే ఉందా, తర్వాత వచ్చిందా? నిరూపించాల్సింది ఎవరు? యూరప్‌లో మొదటి ఏడాదిలో బయటపడిన లోపం మొదటినుంచీ ఉన్నట్టే లెక్క, కాదని అమ్మినవాడు రుజువు చేయాలి. బ్రిటన్‌లో ఆ గడువు 6 నెలలు. ఆ తర్వాత భారం మీ మీదికి వస్తుంది. ఇలాంటి వెసులుబాటు స్పష్టంగా లేనిచోట మొదటిరోజు నుంచే మీరు జాగ్రత్తపడాలి. డబ్బా విప్పుతూ వీడియో తీయడం కొందరికి చాదస్తంలా కనిపిస్తుంది. నాకు కనిపించదు.

ఇక వసూలు సంగతి. హక్కు ఎంత బలమైనదైనా, ఎదుటివాడు దొరికితేనే పనికొస్తుంది. సరిహద్దు అవతల గోదాంనుంచి పంపి, ఖాతా మూసేసి మరో పేరుతో తెరిచేవాడి మీద ఏ చట్టమైనా కత్తి దూసినట్టే ఉంటుంది, తెగదు. అందుకే డబ్బు ఏ దారిన కట్టామన్నది చట్టంకన్నా ఎక్కువ పని చేస్తుంది. కార్డుతో కడితే బ్యాంకు ద్వారా చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బును వెనక్కి రప్పించమని, అడగొచ్చు, దానికి గడువు ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు. బ్రిటన్‌లో 1974 నాటి క్రెడిట్ చట్టం ప్రకారం, 100 పౌండ్లకు పైబడి 30,000 పౌండ్ల వరకున్న కొనుగోళ్లలో అమ్మినవాడితో పాటు క్రెడిట్ కార్డు సంస్థ కూడా బాధ్యత వహించాలి. నేరుగా ఖాతాకు బదిలీ చేస్తే ఇలాంటి ఆసరా ఉండదు.

ఆన్‌లైన్ వేదికలు "మేం మధ్యవర్తులం మాత్రమే" అంటాయి. చాలాచోట్ల అది కొంతవరకే నిజం. భారత్‌లో 2020 ఈ–కామర్స్ నియమాల ప్రకారం, అమ్మేవారి పేరు, చిరునామా, సంప్రదించే వివరాలు వేదిక చూపించాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో ఒప్పుకోవాలి, నెలలోపు పరిష్కరించాలి. వినియోగదారుల కమిషన్‌లో కేసును మీరు ఉండేచోటే వేయొచ్చు, కారణం తలెత్తిన నాటినుంచి 2 ఏళ్ల గడువుంది. తయారీదారు దేశంలోనే లేకపోతే? ఆస్ట్రేలియా చట్టం దిగుమతి చేసినవాడినే తయారీదారుగా చూస్తుంది. భారత చట్టం ఛార్జర్ పేలి ఒళ్లుగానీ ఇల్లుగానీ కాలడంలాంటి నష్టాల విషయంలో, తయారీదారు ఎవరో తెలియకపోయినా, నోటీసు అందించలేకపోయినా అమ్మినవాడినే బాధ్యుణ్ని చేస్తుంది. అయితే ఆ నిబంధనలో వస్తువు తనకు తాను పాడైన నష్టం రాదు, దానికి మామూలు లోపం కిందే ఫిర్యాదు చేయాలి.

అమెరికాలో ఇంకో మెలిక ఉంది. చాలా రాష్ట్రాల్లో "ఉన్నది ఉన్నట్టుగా" అని ముందే రాసి అమ్మితే అమ్మినవాడి మీదున్న చట్టపు హామీ ఎగిరిపోతుంది. బిల్లు అడుగున ఆ ముక్క ఉందేమో చూడకుండా సంతకం పెట్టకూడదు.

అమ్మినవాడికి ఫిర్యాదు రాసేటప్పుడు చాలామంది అలవాటుగా "వారంటీలో ఉన్న నా ఫోన్ బాగుచేయించండి" అని మొదలుపెడతారు. వెంటనే జవాబు వస్తుంది: "వారంటీ కంపెనీది, సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి." అక్కడ మళ్లీ మొదటికే వస్తుంది, బంతి ఇటు నుంచి అటు. ఆ మాటే రాయకండి. "మీరు ఫలానా తేదీన, ఫలానా బిల్లు కింద, ఫలానా సీరియల్ నంబరుతో అమ్మిన వస్తువులో ఈ లోపం ఈ తేదీన బయటపడింది. సర్వీస్ సెంటర్ ఇచ్చిన జాబ్ షీట్ జతచేశాను. మార్చి ఇవ్వండి, లేదా బాగుచేయించండి, లేదా డబ్బు వాపసు ఇవ్వండి. 15 రోజుల్లో జవాబు ఇవ్వండి." ఇంతే. ఇందులో కంపెనీ పేరు లేదు, వారంటీ అనే మాట లేదు. ఆ వ్యాపారి ఈసారి సర్వీస్ సెంటర్ చిరునామా పంపి తప్పుకోలేడు, ఎందుకంటే మీరు అడిగింది దాని గురించి కాదు.